ఆయన పుస్తకం ఎందుకు మూసేశారు?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. వాళ్ల బడిలో నెలకొకసారి కుటుంబ పఠన సాయంత్రం జరిపే బాధ్యత నేను తీసుకున్నాను. తల్లిదండ్రులు పిల్లలతో వచ్చి కూర్చుంటారు, పెద్దవాళ్లు వరసగా ఒక్కో పేజీ పైకి చదువుతారు. మొదటిసారి 40 కుటుంబాలు వచ్చాయి. నాలుగో నెలకు 11 మిగిలాయి. మావారు కూడా మొదటిసారి తరువాత రావడం లేదు. ఆయన పెద్దగా చదువుకోలేదు. ఆ రోజు ‘ఆశ్చర్యం’ అనే మాట దగ్గర తడబడితే వెనక నుంచి నేను సరిచేశాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంతే, పుస్తకం మూసి పాప చేతికిచ్చేశారు. ఎవరైనా అడిగితే ఆయనకు తలనొప్పి అని చెబుతున్నాను. ఈ మధ్య పాప కూడా పిల్లల పుస్తకాల క్లబ్బులో నోరు విప్పడం లేదు. బహుమతులు పెడితే మళ్లీ వస్తారా? క్లబ్బు ఎలా నడపాలి?

జవాబు: బహుమతులు వద్దమ్మా. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బడి ఈడు రాని పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఆ తరువాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజుల్లో, మిగతావాళ్ల కంటే ఆ పిల్లలే బొమ్మల దగ్గర తక్కువ సేపు గడిపారు. చదువుకూ అదే గతి పట్టించకండి. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ‘నేనూ నవ్వాను. అంతే’ అన్నచోట ఆగిపోయాను. అక్షరం తడుముకుంటూనే మీ వారు ఆ రోజు వచ్చారు. తన వంతు వస్తుందని తెలిసీ వచ్చారు. పాప పక్కన కూర్చుని, అంతమందిలో నోరు తెరిచారు. అంత ధైర్యం చేసిన మనిషికి, ఒత్తు దగ్గర ఆగినప్పుడు, కట్టుకున్న భార్య గొంతే ముందుగా వినిపించింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు నవ్వితే మరిచిపోవచ్చు. మీరు నవ్వితే ఎలా మరిచిపోతారు?

ఆలుమగల మధ్య చదువులో తేడా ఉండటం వింత కాదు. ఎన్నో ఇళ్లలో ఒకరు దరఖాస్తులు నింపుతారు, ఇంకొకరు బరువులు మోస్తారు, సంసారం హాయిగా సాగుతుంది. ఆ తేడాను పదిమందిలో పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. మీకు దురుద్దేశం లేదని నమ్ముతాను. పాప తప్పును సరిచేసే అలవాటులో నోరు జారి ఉంటుంది. అయినా నొప్పి నొప్పే.

ఆ నొప్పిని దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆ పుస్తకం ఎవరి చేతికి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. చదువుతూ తప్పితే ఏమవుతుందో తొమ్మిదేళ్ల పిల్ల ఆ రోజు తన తండ్రి ముఖంలో చూసింది. క్లబ్బులో ఆ పిల్ల ఎందుకు మాట్లాడటం లేదని నన్ను అడుగుతున్నారు!

ముందు ఆయనతో మాట్లాడండి. పాప నిద్రపోయాక, ఇద్దరే ఉన్నప్పుడు. ‘ఆ రోజు నేను నవ్వి ఉండకూడదు, తప్పు నాదే’ అనండి. సంజాయిషీ కలపకండి. మరుసటి రోజే బాలశిక్ష తెచ్చి ఆయన ముందు పెట్టకండి. నేర్చుకోవాలనిపిస్తే ఆయనే అడుగుతారు, అప్పుడు నేర్పండి. పాపతో కూడా ఆ మాట మీ నోటితోనే చెప్పండి.

ఇంట్లో తండ్రీకూతుళ్లకు ఒక పుస్తకం ఇవ్వండి. మాటలు లేకుండా బొమ్మలతోనే కథ నడిచే పుస్తకాలు దొరుకుతాయి. వాటితో మొదలుపెడితే మేలు. 1988లో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది: పుస్తకం చూపిస్తూ ‘ఇక్కడేం జరుగుతోంది? ఎందుకలా చేశాడు?’ అని అడగడం, పిల్లలు చెప్పినదానికి ఇంకో మాట చేర్చి తిరిగి చెప్పడం. నెల తిరిగేసరికి, అన్నిసార్లే మామూలుగా చదివి వినిపించుకున్న పిల్లల కంటే వీళ్ల మాట మెరుగైంది. మీ పాప పెద్దదే, అయినా ఆ పద్ధతి పనికొస్తుంది. అడగడానికి అక్షరాలు అక్కర్లేదు, ఆసక్తి ఉంటే చాలు. అది ఆయనకు ఉంది, లేకపోతే మొదటి రోజు వచ్చేవారే కాదు. వాళ్లిద్దరూ కూర్చున్నప్పుడు మీరు వేరే గదిలో ఉండండి.

ఇక ఆ రాకుండా పోయిన 29 కుటుంబాలు. అందరి కారణాలూ ఒకటే అనను. ఆ నవ్వు విని, రేపు నా వంతు వస్తే ఎలా అని జంకినవాళ్లు వాళ్లలో తప్పకుండా ఉంటారు. కాబట్టి వరసగా పైకి చదివించే పద్ధతి ఈ నెలతోనే మానేయండి. బాగా చదవగలిగినవాళ్లు ఒకరు అందరికీ ఒక కథ చదివి వినిపించాలి. తరువాత ఒక్కో కుటుంబం ఒక్కో మూల తమకు నచ్చిన పుస్తకంతో కూర్చోవాలి. చదివేది తల్లా, తండ్రా, తాతయ్యా, పిల్లా అన్నది వాళ్ల ఇష్టం. ఊరికే వినడానికి వచ్చినవాళ్లకూ చోటుండాలి, చంకలో బిడ్డతో వచ్చిన తల్లికీ ఉండాలి. గంట చాలు. ఆహ్వాన పత్రం నుంచి ‘తల్లిదండ్రులు చదువుతారు’ అన్న వాక్యం తీసేయండి. రానివాళ్లను మీరే వెళ్లి నోటితో పిలవండి. చదవడానికి జంకేవాళ్లకు కాగితం పంపి ఏం లాభం?

క్లబ్బు విషయం పెద్ద చిక్కు కాదు. మూడు నుంచి అయిదో తరగతి పిల్లలను అయిదారుగురి చొప్పున కూర్చోబెట్టండి. రెండు మూడు పుస్తకాలు చూపించి వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఒక పేజీలో తెలియని మాటకు ఒక వేలు చొప్పున ముడుస్తూ పోతే, అయిదు వేళ్లూ ముడుచుకున్న పుస్తకం ఒంటరిగా చదవడానికి కష్టమని గుర్తు. అదే కావాలని పట్టుబడితే పెద్దవాళ్లు తోడు చదవాలి. ఇంట్లో చదువుకుని ఒక్కొక్కరు ఒక్క సందేహంతో వస్తే చాలు, అరగంట వాళ్లే మాట్లాడుకుంటారు. మీ ప్రశ్నల జాబితా సంచిలోనే ఉంచండి. ఒకటి రెండు తరగతుల వాళ్లకు మాత్రం చదివి వినిపించాలి. ఆ ఈడులో చదివి అర్థం చేసుకునేదాని కంటే విని గ్రహించేది చాలా ఎక్కువ.

మీ పాప ఇంకొన్నాళ్లు మౌనంగా కూర్చుంటే కూర్చోనివ్వండి.

మీ వారు మళ్లీ వస్తారో రారో చెప్పలేను, బలవంతం మాత్రం చేయకండి. రాకపోతే పాపను తీసుకుని మీరే వెళ్లండి. ఆయనేరీ అని అడిగితే తలనొప్పి అనకండి. ‘ఆ రోజు నేను ఆయన్ని నొప్పించాను’ అని, పాప వినేలా చెప్పండి.