జెనిసిస్ రోమ్ కచేరీ మీద రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

జెనిసిస్ రోమ్ కచేరీ సినిమా మీద నువ్వు పంపిన సమీక్ష చదివాను. మొదటి పేజీ అంతా ఆ ఇంగ్లండ్ రాక్ బ్యాండు చరిత్రే. 1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ వెళ్లిపోయాడు, 1977లో గిటారిస్టు స్టీవ్ హాకెట్, 1996లో డ్రమ్మర్, తర్వాతి గాయకుడు ఫిల్ కాలిన్స్. ఈ లెక్క ఫోన్ తీస్తే ఎవరికైనా దొరుకుతుంది. 2007 జులై 14 రాత్రి రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్ మైదానంలో తీసిన ఆ సినిమాలో నువ్వేం చూశావో చెప్పు. టికెట్ లేని కచేరీ, ఐదు లక్షల మంది వచ్చారని అంచనా; దానికి ఒక్క వాక్యం చాలు. ఆ ‘జనసంద్రం’ కొట్టెయ్.

రెండు స్టూళ్ల ఘట్టాన్ని ‘అద్భుతమైన డ్రమ్స్ సోలో’ అని దాటేశావేం? సోలో ఎక్కడిది, ఇద్దరున్నారు కదా! కాలిన్స్, చెస్టర్ థాంప్సన్ బార్ స్టూళ్ల మీద పుల్లలతో మొదలుపెట్టి, మెల్లగా డ్రమ్స్ దగ్గరికి చేరతారు. థాంప్సన్ 1977లో ఈ బ్యాండుతో టూర్లు మొదలుపెట్టిన మనిషి. తనియావర్తనంలో మృదంగం విసిరితే ఘటం అందుకోవడం చిన్నప్పటి నుంచి విన్నదానివి, ఆ చెవితోనే ఇదీ విను. ఎవరి చూపు ఎవరి చేతుల మీదుందో ఆపి, వెనక్కి తిప్పి చూడు.

కాలిన్స్ గొంతు ‘చెక్కుచెదరలేదు’ అన్నావు. లేదమ్మా. అప్పటికి అతనికి 56 ఏళ్లు. చాలా పాటలు శ్రుతి తగ్గించి పాడాడు. పాత రికార్డు వెంటనే పెట్టుకుని వింటే తెలిసిపోతుంది. దాన్ని దెప్పనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. గొంతు కోసం కీబోర్డు, గిటారు కూడా కిందికి దిగాలి, పాట రంగే మారుతుంది. 1992 తర్వాత మళ్లీ కలిసి టూర్‌కెళ్లినవాళ్లు ఒకరి వయసుకి ఒకరు ఎలా సర్దుకున్నారన్నదే ఇలాంటి సినిమాల్లో నాకు ఆసక్తి.

గేబ్రియల్ రాలేదని రెండు పేరాలు బాధపడ్డావు, చివరి పాట ‘కార్పెట్ క్రాలర్స్’ ఊసే ఎత్తలేదు. 1974 ఆల్బంలో గేబ్రియల్ పాడిన పాట అది. అప్పుడు వెనక డ్రమ్స్ వాయించిన కాలిన్సే ఇక్కడ మైకు ముందు నిలబడి పాడుతున్నాడు. ఆ రెండు పేరాలూ తీసేసి, ఈ పాట గురించి రాయి.

కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్ మీద రాసిన నాలుగు వాక్యాలు బాగున్నాయి, వాటి జోలికి వెళ్లకు. ఈ సినిమా డీవీడీ సెట్‌లోనే రిహార్సల్స్ నాటి డాక్యుమెంటరీ డిస్కు ఉంది; అది చూశాకే తిరగరాసి పంపు.

ఉంటాను.