థలసీమియా పాపకి హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది, రక్తం ఎక్కించడం ఆపేయాలా?

మీ పాపకి ఆరేళ్లు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నారు, ఈసారి టెస్టుల్లో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ వచ్చింది, రక్తం ఆపేయాలా, లివర్ పాడవుతుందా అని అడిగారు. మా అబ్బాయిదీ థలసీమియా మేజరే. వాడికీ ఇదే వచ్చింది, మందులతో పూర్తిగా తగ్గింది.

రక్తం మాత్రం ఆపొద్దు చెల్లీ. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 కంటే తగ్గకుండా చూసుకోవడం ఎప్పటిలాగే సాగాలి.

మీ చేతిలో ఉన్న రిపోర్టు ఏ టెస్టుదో చూడండి. ఎలిసా, రాపిడ్ కార్డు లాంటివైతే అవి యాంటీబాడీని మాత్రమే పట్టుకుంటాయి. వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని చెప్తాయి గానీ ఇప్పుడు ఉందో లేదో చెప్పవు. కొందరికి అది దానంతటదే పోతుంది కూడా. హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ, అదే వైరల్ లోడ్, చేయిస్తేనే తేలుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో ఈ టెస్టూ మందులూ ఉచితం.

వైరస్ ఉందని తేలినా కుంగిపోకండి. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో పాటు రిబావిరిన్ ఇచ్చేవారు. ఆ రిబావిరిన్ ఎర్ర కణాల్ని పగలగొట్టేది, దాంతో మన పిల్లలకి రక్తం ఇంకా ఎక్కువ కావాల్సి వచ్చేది. ఇప్పుడు సోఫోస్‌బువిర్‌తో వెల్పటాస్విర్ గానీ డాక్లటాస్విర్ గానీ కలిపి, మామూలుగా 12 వారాలు నోటి మాత్రలే. పిల్లలకి బరువును బట్టి డోసు. నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి టెస్టు తప్పకుండా చేయమని అడగండి, అది లోపల ఉంటే ఈ మందులు వాడేటప్పుడు తిరగబెట్టే ప్రమాదం ఉంది. పాపకి గ్యాస్ మందులు వాడుతుంటే అదీ చెప్పండి. కోర్సు ముగిసిన 12 వారాలకి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేయించాలి.

లివర్ సంగతికొస్తే, నన్నడిగితే వైరస్ కన్నా, రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో పేరుకునే ఐరన్ గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. రెండూ కలిస్తే లివర్ త్వరగా గట్టిపడుతుంది. ఆ ఐరన్‌ని బయటికి పంపే, నీళ్లలో కలిపే డెఫరాసిరాక్స్ మాత్ర ఇస్తుంటే, పాప తాగేశాక గ్లాసు అడుగున తెల్లటి పొడి మిగులుతుంది చూడండి, అందులో ఇంకాస్త నీళ్లు పోసి తిప్పి అది కూడా తాగించాలి. ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, లివర్ పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ టెస్టులు వాయిదా వేయకండి.

టెస్టు చేసిన రక్తమే కదా, ఎలా వచ్చిందని మీకు కోపం రావడం న్యాయమే. మన దేశంలో 2001 నుంచి ప్రతి యూనిట్‌కీ హెచ్‌సీవీ టెస్టు తప్పనిసరి. కానీ దాతకి కొత్తగా సోకితే ఎలిసాలో బయటపడటానికి వారాలు పడుతుంది. రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే నాట్ టెస్టు అయితే కొద్ది రోజుల్లోనే పట్టుకుంటుంది, అయితే అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ చేయరు. ఇకమీదట నాట్ చేసిన రక్తమే అడగండి. ఫిల్టర్ పెడితే చాలనుకుంటారు చాలామంది, తెల్లకణాల ఫిల్టర్ ఈ వైరస్‌లను ఆపదు. హెపటైటిస్ సికి టీకా లేదు, ఒకసారి తగ్గినా మళ్లీ సోకవచ్చు. బికి టీకా ఉంది. వేయించి ఉంటే టైటర్ (టీకా రక్షణ రక్తంలో ఎంతుందో చెప్పే టెస్టు) చూపించి, 10 కంటే తక్కువుంటే బూస్టర్ అడగండి.

ఇంట్లో పాపకి కంచం, గ్లాసు వేరు పెట్టొద్దు. బ్రష్, గోళ్ల కట్టర్ వేరుగా ఉంటే చాలు.

ఇంకొకటి. నయమయ్యాక కూడా యాంటీబాడీ టెస్టు పాజిటివ్‌గానే వస్తూ ఉంటుంది. పాత రిపోర్టు చూసి ఒకచోట మా వాడికి పన్ను తీయనన్నారు. అప్పటి నుంచి ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ రిపోర్టు ఫైల్లో మొదటి కాగితంగా పెడుతున్నాను. మీరూ అలాగే పెట్టండి.