రసాయనం తక్కువగా వాడితే అమ్మేవారికి లాభమెలా?

ప్రశ్న: మా బాలానగర్ వర్క్‌షాపులో లోహపు విడిభాగాలకు పట్టిన నూనె, గ్రీజు వదిలించడానికి సాల్వెంట్‌ను డ్రమ్ముల లెక్కన కొంటున్నాము. కొన్ని దేశాల్లో ‘కెమికల్ లీజింగ్’ పేరిట, రసాయనానికి కాక అది చేసిన పనికి డబ్బు చెల్లిస్తారని చదివాను. వాడకం తగ్గితే సరఫరాదారు నష్టపోడా? మా వంటి చిన్న యూనిట్లకు ఇది కుదురుతుందా?

– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మామూలు కొనుగోలులో మీ డ్రమ్ము ఎంత త్వరగా ఖాళీ అయితే సరఫరాదారుకు అంత మేలు, ఆవిరైపోయినదీ, నేలపాలైనదీ కూడా ఆయన లెక్కలో అమ్మకమే. ధర శుభ్రపడిన విడిభాగానికో, పూత పూసిన చదరపు మీటరుకో కుదిరినప్పుడు అదే సాల్వెంట్ ఆయనకు ఖర్చుగా మారుతుంది కనుక, తక్కువ లీటర్లతో పని ముగించే మార్గాన్ని ఆయనే వెతుకుతాడు. మిగిలిన సొమ్మును ఇద్దరూ ఎలా పంచుకోవాలో ఒప్పందంలో ముందే రాసుకుంటారు.

ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఆస్ట్రియా ప్రభుత్వంతో కలిసి 2004 నుంచి ఈ పద్ధతిని ప్రోత్సహిస్తోంది. ఈజిప్టులోని జనరల్ మోటార్స్ కర్మాగారం పెయింటింగ్ విభాగపు పరికరాలను శుభ్రపరిచే సాల్వెంట్‌కు తయారైన వాహనానికి ఇంత అని చెల్లించే ఒప్పందం చేసుకుంది. వాడకాన్ని పర్యవేక్షించడం, వాడిన సాల్వెంట్‌ను వెనక్కి తీసుకోవడం సరఫరాదారు వంతు. సెర్బియాలో ఒక మినరల్ వాటర్ సంస్థ సీసాలు కదిలే కన్వేయర్ల లూబ్రికెంట్‌కు అవి నడిచిన గంటల చొప్పున చెల్లించింది.

ఇక మీ యూనిట్ సంగతి. సాల్వెంట్ ఆవిరిని పట్టి మళ్లీ ద్రవంగా మార్చే మూసి ఉన్న యంత్రం ఉంటేనే పొదుపు గణనీయంగా ఉంటుంది. దాని ఖరీదు ఒక్క చిన్న యూనిట్‌కు భారమే కాబట్టి, పక్కనున్న నాలుగైదు యూనిట్లతో కలిసి సరఫరాదారును పిలవడం నా దృష్టిలో మెరుగైన దారి. దానికి ముందు కనీసం కొన్ని నెలలపాటు, ఎన్ని భాగాలకు ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో, ఎంత పారబోశారో నమోదు చేయండి. ఆ లెక్క లేకుండా ఎవరు ఎంత ఆదా చేశారో తేలదు. ‘శుభ్రం’ అంటే ఏ పరీక్షలో నెగ్గాలో, మీరు కటింగ్ ఆయిల్ మార్చినందువల్ల జిడ్డు పెరిగితే ఆ భారం ఎవరిదో కూడా రాసుకోవాలి. నాకు తెలిసి తగవులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

వాడిన సాల్వెంట్ మన దేశంలో 2016 నాటి నిబంధనల కింద ప్రమాదకర వ్యర్థం. సరఫరాదారు తీసుకెళ్తానన్నంత మాత్రాన మీ బాధ్యత తీరదు. ఆయనకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందో లేదో చూసి, ఆ పత్రం నకలు తీసుకున్నాకే సంతకం చేయండి.