ఆరేళ్లుగా మానని మచ్చలు... రిపోర్టులో లింఫోమా అని వచ్చింది, కీమో ఎందుకు వద్దంటున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 52 ఏళ్లు. బస్సు డ్రైవర్. ఆరేళ్ల కిందట నడుము కింద, పిరుదుల మీద, తొడల పైభాగంలో ఎర్రటి మచ్చలు మొదలయ్యాయి. సీటు వేడికి వచ్చిన తామర అనుకుని మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబులు రాశాం. రాసినన్నాళ్లు తగ్గేవి, ఆపితే మళ్లీ వచ్చేవి. తర్వాత ఒక డాక్టర్ ఎగ్జిమా అన్నారు, ఇంకొకరు సోరియాసిస్ అన్నారు. మూడేళ్ల కిందట ముక్క తీసి పరీక్ష చేస్తే ఎగ్జిమా అనే వచ్చింది. పోయిన నెల మళ్లీ రెండు చోట్ల ముక్క తీశారు. ఈసారి ‘మైకోసిస్ ఫంగాయిడిస్’ అని, ఇది చర్మంలో వచ్చే లింఫోమా అని చెప్పారు. మెడికల్ షాపు అతను ఆ పేరు చూసి ‘ఫంగస్సే, మాత్రలు వాడితే పోతుంది’ అన్నాడు. మా అమ్మాయి నెట్‌లో చూసి ఒకటే ఏడుపు. డాక్టరేమో కీమో అక్కర్లేదు, లైట్ ట్రీట్‌మెంట్ చాలు అన్నారు. కీమో వద్దన్నారంటే చేయి దాటిపోయిందనా? మూడేళ్ల ముందే ఎందుకు తెలియలేదు? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, పిల్లలకు కూడా వస్తుందా? – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ పెద్ద భయం సంగతి ముందు చెప్తాను. కీమో వద్దన్నారంటే చేయి దాటిపోయిందని కాదు, దాని అవసరం రాలేదని. ఈ జబ్బు మచ్చల దశలో ఉన్నప్పుడు మంచి డాక్టర్ ఎవరైనా ఆ మాటే అంటారు.

ఇక ఆ పేరు. 1806లో పారిస్‌లో అలిబేర్ అనే చర్మవైద్యుడు ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లా లేచిన గడ్డలు చూశాడు. ఆ పోలికతోనే తర్వాత ఈ పేరు స్థిరపడింది. పోలికే తప్ప ఇందులో ఫంగస్ లేదు. రెండు వందల ఏళ్లు దాటినా పేరు మాత్రం మారలేదు. దాని పుణ్యమా అని అక్కర్లేని ఫంగస్ మాత్రలు మింగిన పేషెంట్లను నేనూ చూశాను. మీ వారు మొదలుపెట్టి ఉంటే వాటిని ఆపేయమనండి.

అసలు సంగతి ఇది. మన తెల్ల రక్తకణాల్లో టి-కణాలని ఒక రకం ఉంటాయి. వాటిలో కొన్ని చర్మంలో కాపలా కాస్తుంటాయి. అలాంటి ఒక గుంపు అదుపు తప్పి, చర్మంలోనే ఉండి నెమ్మదిగా పెరగడమే ఈ జబ్బు. కాబట్టి ఇది క్యాన్సర్ కోవలోదే, దాచి లాభం లేదు. కానీ క్యాన్సర్ అనగానే మన కళ్ల ముందు మెదిలే బొమ్మ దీనికి సరిపోదు. చాలామందిలో ఇది ఏళ్ల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తరబడి, మచ్చలుగానే ఉండిపోతుంది. శరీరంలో పదో వంతు కంటే తక్కువ భాగంలో పలచటి మచ్చలు మాత్రమే ఉన్నవాళ్లు దాదాపుగా తమ ఈడువాళ్లందరిలాగే బతుకుతారు. ఆ పదో వంతు లెక్క మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ వారి అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఆయన ఒంటిలో సుమారు 1 శాతం. మచ్చలన్నీ కలిపి పది అరచేతుల లోపు ఉంటే మొదటి దశలో మొదటి మెట్టు.

మూడేళ్ల ముందే ఎందుకు తెలియలేదని అడిగారు. ఆ ల్యాబ్ మీద కోపం తెచ్చుకోకండి. మొదట్లో చర్మంలో చెడ్డ కణాలు కొద్దిగానే ఉంటాయి, వాటి చుట్టూ మామూలు వాపు కణాలు కుప్పగా చేరతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. లక్షణాలు మొదలైన తర్వాత జబ్బు పేరు తేలడానికి కొన్నేళ్లు పట్టడం ప్రపంచమంతటా మామూలే. మన దగ్గర దీనికి తోడు ఇంకో పెద్ద ఇబ్బంది, షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబులు. స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములవి. అందులోని స్టిరాయిడ్ పైపైన ఉన్న కణాలను చెదరగొడుతుంది. మచ్చ వెలిసిపోతుంది, అప్పుడు ముక్క తీస్తే ఏమీ దొరకదు. అందుకే అనుమానం ఉన్నప్పుడు రెండు నుంచి నాలుగు వారాలు క్రీములన్నీ ఆపించి, ఏ మందూ తగలని మచ్చ నుంచి, ఒకటి కాదు రెండు మూడు చోట్ల ముక్క తీస్తాం. మీ వారికి ఈసారి రెండు చోట్ల తీశారంటే అడిగిన డాక్టర్‌కు విషయం తెలుసన్నమాట.

ల్యాబ్‌లో ముక్కను పరీక్షించే డాక్టర్, అంటే పాథాలజిస్టు, అందులో చూసేది ముఖ్యంగా ఒకటి: టి-కణాలు కింది పొర నుంచి పైకెక్కి, చర్మం పై పొరలో వరసగానో చిన్న చిన్న గుంపులుగానో చేరాయా అని. తర్వాత సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ7 లాంటి గుర్తులకు రంగు పరీక్షలు చేస్తారు. ఇంకా అనుమానం మిగిలితే ఆ కణాలన్నీ ఒకే తల్లికణం పిల్లలా కాదా అని జన్యు పరీక్షతో చూస్తారు. అయినా ఏ ఒక్క పరీక్షా సొంతంగా తీర్పు చెప్పలేదు. మచ్చలు ఎక్కడున్నాయి, ఎన్నాళ్లుగా ఉన్నాయి, ఎలా మారాయి అన్నది రిపోర్టుతో కలిపి చదవాలి. పిరుదులు, తొడల పైభాగం, నడుము, రొమ్ములు... ఎండ తగలని ఇలాంటి చోట్లనే ఇది ఇష్టపడుతుంది. మీ ఉత్తరంలో చెప్పిన చోట్లు చూడగానే నాకు అదే తట్టింది.

మన రంగు చర్మంలో దీనికి ఇంకో వేషం కూడా ఉంది. ఎరుపు లేకుండా తెల్లటి, పాలిపోయిన మచ్చలు, ఎక్కువగా పిల్లల్లో, పడుచువాళ్లలో. శోభి అనో బొల్లి అనో వదిలేస్తారు, లేదా కుష్టు అని భయపడతారు. కుష్టు మచ్చలో చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది, ఇందులో అలా ఉండదు. అయినా ఇంట్లో గిల్లి చూసి తేల్చుకునే విషయం కాదిది. ఈ తెల్లమచ్చల రకం లైట్‌కు బాగా లొంగుతుంది.

వైద్యం దగ్గరికి వద్దాం. ఇన్నాళ్లు మిమ్మల్ని మభ్యపెట్టిన స్టిరాయిడ్ క్రీమే ఇప్పుడు డాక్టర్ చేతిలో మందు అవుతుంది. తేడా ఏమిటంటే ఏ బలంలో, ఎన్నాళ్లు, ఏ మచ్చ మీద రాయాలన్నది లెక్క ప్రకారం ఉంటుంది. ఇక లైట్ ట్రీట్‌మెంట్ అంటే న్యారోబ్యాండ్ యూవీబీ, అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం. ఒక పెట్టెలాంటి దాంట్లో కొద్దిసేపు నిలబడటమే, కళ్లకు అద్దాలు, మర్మాంగాలకు కప్పు. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలల పాటు. మధ్యలో మానేయడమే అసలు సమస్య. ఒళ్లు కాస్త నల్లబడుతుంది, కంగారు పడొద్దు. మచ్చలు మందంగా ఉంటే ‘పువా’ అని ఇంకో పద్ధతి ఉంది, సోరలెన్ మాత్ర వేసుకుని దాదాపు రెండు గంటల తర్వాత యూవీఏ లైట్. ఈ సోరలెన్ మన బావంచాల గింజల్లోనూ ఉంటుంది. అలాగని బావంచాలు నూరి పూసుకుని ఎండలో కూర్చోకండి, బొబ్బలెక్కుతాయి.

కీమో ఎందుకు కాదో కూడా చెప్పాలి. అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 103 మంది ఈ జబ్బువాళ్లను రెండు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టుకు మొదటి నుంచే కీమో, చర్మమంతటికీ రేడియేషన్. రెండో జట్టుకు పైపూత మందులతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోయారు. 1989లో ఫలితాలు వచ్చాయి. మొదటి జట్టులో మచ్చలు ఎక్కువగా తగ్గాయి కానీ ఆయుష్షులో తేడా రాలేదు, బాధలు మాత్రం ఎక్కువ పడ్డారు. అప్పటి నుంచి మెల్లగా మొదలుపెట్టడమే పద్ధతి. గడ్డలు లేస్తేనో, లింఫ్ గ్రంథుల్లోకి వెళ్తేనో కరెంటు పెట్టడం (అంటే రేడియేషన్), మాత్రలు, ఇంజెక్షన్లు, చివరగా కీమో. ఒకటి రెండు గడ్డలే ఉంటే తక్కువ డోసు రేడియేషన్‌కే చక్కగా కరుగుతాయి.

స్కానింగుల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. మెడలో, చంకల్లో, గజ్జల్లో గ్రంథులు చేతికి తగలకపోతే, పలచటి మచ్చలే ఉంటే, పెట్-సీటీ సాధారణంగా అక్కర్లేదు. మామూలు రక్తపరీక్షలు చాలు. ఆ డబ్బు లైట్ కోసం తిరగడానికి ఉంచుకోండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సోరియాసిస్ అనుకున్న రోజుల్లో సైక్లోస్పోరిన్ వాడారేమో పాత చీటీలు వెతికి చూడండి. అది ఈ జబ్బును ముందుకు తోస్తుంది. వాడి ఉంటే ఇప్పటి డాక్టర్‌కు చెప్పండి.

చర్మ లింఫోమాలన్నీ ఒకటి కావు. కొన్ని బి-కణాలవి, ఎక్కువగా గడ్డల రూపంలో వస్తాయి, వాటి లెక్క వేరు. సెజరీ సిండ్రోమ్ అని ఒకటుంది, ఒళ్లంతా ఎర్రబడి, భరించలేని దురద పెట్టి, రక్తంలోనూ చెడ్డ కణాలు తిరుగుతాయి. మీ వారి పరిస్థితి మీరు రాసినదాన్ని బట్టి అది కాదు. అమ్మాయికి చెప్పండి, నెట్‌లో చూసిన భయంకరమైన ఫొటోలు చాలావరకు ఇలాంటివి, లేదా ముదిరిన దశవి.

పిల్లల సంగతి. ఇది అంటదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుగా దీన్ని లెక్కించం, పిల్లలకు పరీక్షలూ అక్కర్లేదు. సంబంధం వాళ్లకు దీని గురించి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, కానీ వైద్యపరంగా అమ్మాయిలో దాచాల్సిన లోపం ఏదీ లేదు.

మచ్చ గట్టిపడి పైకి లేచినా, గడ్డ కట్టినా, పుండు పడినా, గ్రంథులు ఉబ్బినా, ఒళ్లంతా ఎర్రబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. నెలకోసారి ఒకే వెలుతురులో ఫోన్‌తో మచ్చల ఫొటోలు తీసి ఉంచండి, డాక్టర్‌కు అవి రిపోర్టు కంటే ఎక్కువ చెప్తాయి. రెండో అభిప్రాయం కావాలంటే నిస్సంకోచంగా తీసుకోండి. అప్పుడు కాగితం రిపోర్టుతో పాటు, ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి, మళ్లీ కోయించుకునే పని తప్పొచ్చు.

డ్యూటీ మానక్కర్లేదు. పువా అయితే మాత్ర వేసుకున్న రోజంతా ఎండలో బస్సు నడపకుండా, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఉండమనండి. యూవీబీకి అదీ అక్కర్లేదు, లైట్ పెట్టించుకుని నేరుగా డిపోకి వెళ్లిపోవచ్చు.