అల్లుడూ, ముందు నోట్‌బుక్ కొను

అల్లుడికి,

ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మొన్న రాత్రి మీ అమ్మ కదిరి నుంచి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. మూడో సంవత్సరంలో కాలేజీ మానేసి హైదరాబాద్ వెళ్లి సినిమాల్లో పాడతానన్నావట. ఎందుకురా అని అడిగితే "బాలు గారు కూడా ఈ కాలేజీనే వదిలేసి పోలేదా" అన్నావట. పాపం, మా చెల్లెలి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గర ఉంది.

నిన్ను పాడొద్దని చెప్పడానికి కాదులే ఈ ఉత్తరం. ముప్పై ఏళ్లు ఆర్కెస్ట్రాలో పాడి, హార్మోనియం వాయించి, ఇప్పుడు పళ్లు ఊడిపోయి పాడలేకపోతున్నవాణ్ణి. నేనే వద్దంటే ఇక నిన్ను పాడమనేదెవరు?

ముందు ఆ కాలేజీ సంగతి తేల్చుకుందాం. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 1946 జూన్ 4న పుట్టారు. నువ్వు చదివే మన అనంతపురం కాలేజీ కూడా 1946లోనే మొదలైంది, అదో ముచ్చట. ఆయన చేరినప్పుడు అది ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ. జేఎన్‌టీయూ అన్నది 1972లో వచ్చిన పేరు. ఆయన ఇక్కడ చేరిన మాట నిజం, మధ్యలో ఆగిపోయిన మాటా నిజం. కానీ పాట కోసం ఆపలేదురా, టైఫాయిడ్ వచ్చి ఆగింది. కోలుకున్నాక మద్రాసు వెళ్లి ఏఎంఐఈలో, అంటే ఇంజినీరింగ్ డిగ్రీకి సమానమైన చదువులో చేరారు. అంటే అప్పటికీ ఇంజినీరు కావాలనే ఉంది. చదువు ఒక పక్క, పాటల పోటీలు ఒక పక్క. అలా ఒక పోటీలో పాడుతుంటే సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడ్డారు. తర్వాత ఎప్పుడో, 1966 డిసెంబర్ 15న, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కు మొదటి పాట రికార్డయింది. అది కూడా ఒంటరిగా పాడిన పాట కాదు. సుశీల గారు, పి.బి. శ్రీనివాస్ గారు, ఈలపాట రఘురామయ్య గారు, ఈయన. నలుగురిలో ఒకరన్నమాట. ఆ నాలుగో గొంతు కోసం ఆయన ఎంత కాలం కాచుకున్నారో చూడు. నీకేమో ఫోన్లో పెట్టిన పాటకు మూడు వేల లైకులు రాగానే హాస్టల్లో కాలు నిలవడం లేదు.

ఇక నా సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదిది.

1983లో నాకు పాతికేళ్లు. ఆ రోజుల్లో ఊరికొక బాలు ఉండేవాడు. ధర్మవరానికొక బాలు, తాడిపత్రికొక బాలు. అనంతపురం బాలుని నేను. వినాయకచవితి పందిట్లో నేను ఆలాపన ఎత్తుకుంటే బయట బీడీ కాల్చుకునేవాళ్లు కూడా ఆర్పేసి లోపలికొచ్చేవాళ్లు. ఆ చప్పట్లు నావి కావని, బాలు గారివని నాకు తట్టలేదు. ఆ ఊపులోనే రైలెక్కి మద్రాసు పోయాను. తెలిసినాయన ఇచ్చిన చీటీ పట్టుకుని ఒక సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడిగా ఉన్నాయన్ని కలిశాను. చాప మీద హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. "ఏదీ, పాడు" అన్నాడు. శంకరాభరణం పాట ఎత్తుకున్నాను. పల్లవి సగం కాకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది బాలు గారు పాడేశారు కదయ్యా. ఇంకా ఎవరూ పాడనిది పాడు" అన్నాడు.

నాకు బుర్ర తిరిగింది. ఎవరూ పాడని పాట నాకెట్లా వస్తుంది? అప్పుడాయన ఒక కొత్త ట్యూన్ రెండుసార్లు వాయించి, నాలుగు లైన్లు చెప్పి, అరగంటలో వస్తానని కాఫీకి వెళ్లాడు. రాసుకోవడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. సిగరెట్ పెట్టె చింపి దాని వెనక గీకాను. ఆయన తిరిగొచ్చేసరికి ట్యూన్ పట్టుకుంటే మాటలు పోతున్నాయి, మాటలు చదివితే ట్యూన్ పోతోంది. ఆయన కోప్పడలేదు. అంతవరకు 'నువ్వు' అన్న మనిషి "సరే, ఊరెళ్లి రండి" అన్నాడు. ఆ 'రండి' నలభై ఏళ్లయినా నా చెవిలోంచి పోలేదు.

సినిమా పాట అంటే ఆ అరగంటేరా. వందసార్లు విన్న పాటను అచ్చు గుద్దినట్టు పాడటం వేరే విద్య. అది మా ఆర్కెస్ట్రా విద్య, దానికీ కష్టముంది, కాదనను. కానీ రికార్డింగ్‌లో నీకంటే ముందు ఆ పాట పాడినవాడు ఉండడు. ట్యూన్ వింటావు, మాటలు రాసుకుంటావు, మైకు ముందు నిలబడతావు. ఆ కాస్త టైములో పాట నీదైపోవాలి.

బాలు గారు 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో సంగీత దర్శకులు ఉపేంద్రకుమార్ గారికి ఒక్క రోజులో 21 కన్నడ పాటలు పాడారని అందరూ రికార్డుగా చెప్పుకుంటారు. నువ్వూ ఆ ముక్క ఎక్కడో చదివే ఉంటావు. నేను దాన్ని లెక్కగా చూస్తాను. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పన్నెండు గంటలు. 21తో భాగించు, ఇంజినీరువి కదా. పాటకు 34 నిమిషాలు. అందులోనే తినడం, తాగడం. నాకు ఆ చాప మీద ఇచ్చిన టైము, ఆయన ఒక్కో పాటకు తీసుకున్న టైము ఇంచుమించు ఒకటే! ఆ లెక్క వేసిన రోజు నాకు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది.

ఆ 34 నిమిషాలు గొంతు బలంతో నడవవు. నోట్‌బుక్‌తో నడుస్తాయి. ఆయన ఏ భాష పాటైనా తన చేత్తో తెలుగు లిపిలో రాసుకునేవారు. చేత్తో రాసేటప్పుడు ఒత్తు ఎక్కడుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నది కంటికి, వేలికి, చెవికి ఒకేసారి తెలుస్తుంది. నువ్వు ఫోన్లో లిరిక్స్ చూస్తూ పాడుతున్నావు. తెర మీద లైను మారే లోపల నీ ధ్యాస ఆ లైను మీదే ఉంటుంది, అర్థం మీద ఉండదు.

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. గొంతులో తడి ఉంది, శ్రుతి నిలబడింది. అది దేవుడిచ్చింది, దాని గురించి ఎక్కువ చెప్పను, నీకు పొగరెక్కుతుంది. తప్పులు చెబుతాను. 'శ్వాస'ను 'స్వాస' అన్నావు. 'భారం'లో భ కాస్తా బ అయిపోయింది. మన సీమవాళ్లకు ళ, ణ బాగా పలుకుతాయి, శ దగ్గరే జారతాం. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎట్లాగైనా మాట్లాడు, మన యాసను చూసి సిగ్గుపడేవాడు నా అల్లుడు కాదు. మైకు దగ్గర మాత్రం అక్షరం అక్షరంలాగే ఉండాలి. ఇంకొకటి, ఆ ఎకో తీసేసి పంపు. ఎకో అనేది పెళ్లిలో పౌడర్ లాంటిది, పెళ్లికూతురు ఎట్లుందో తెలియనీయదు.

భాష కోసం ఆయన పడిన తిప్పలు తెలుసా? తమిళంలో పాడదామని వెళితే సంగీత దర్శకులు ఎం.ఎస్. విశ్వనాథన్ గారు తమిళం సరిచేసుకుని రమ్మని పంపేశారు. ఈయన అలగలేదు, నేర్చుకుని మళ్లీ వెళ్లారు. 1969 వచ్చేసరికి ఎం.జి.ఆర్. సినిమాలో పాడుతున్నారు. హిందీలో 'ఏక్ దూజే కే లియే' అప్పుడు, ఈ మద్రాసాయన మన హిందీ పాటలేం పాడతాడని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ గార్లు సందేహించారు. కథలో అబ్బాయి తమిళుడే కదా, హిందీ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదని సినిమా దర్శకుడు బాలచందర్ గారు పట్టుబట్టారు. ఆ సినిమా పాటకే జాతీయ అవార్డు. శంకరాభరణం పాటలకు ఆయనే ముందు వెనకాడారు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని. ఆ సినిమా సంగీత దర్శకులు మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు కూర్చోబెట్టి నేర్పించారు. దానికీ అవార్డే. మొత్తం ఆరొచ్చాయి, తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి. 'నాకు రాదు' అన్న చోటికి వెళ్లి, వచ్చినవాళ్ల దగ్గర కూర్చున్నారు, అంతే. నేను ఆ సహాయకుడి దగ్గరికి మళ్లీ ఎందుకు వెళ్లలేదు? ఎవరూ నన్ను ఆపలేదు. ఊళ్లో అనంతపురం బాలుగా ఉండటం హాయిగా ఉంది, అందుకు వెళ్లలేదు.

సరే, ఇప్పుడు నువ్వేం చెయ్యాలో చెబుతాను.

రోజూ తెల్లారి, హాస్టల్లో ఎవరూ లేవకముందు, శ్రుతి పెట్టి సరళీ వరసలు, జంట వరసలు అరగంట. ఫోన్లో తంబూరా వస్తుంది కదా, చాలు. నీ శ్రుతి ఏదో ముందు తేల్చుకో. బాలు గారు పాడిన శ్రుతిలోనే పాడాలని గొంతు చించుకోకు. ఒక అర శ్రుతి దించితే నీ గొంతు విప్పారుతుంది. సాయంత్రం ఇంకో అరగంట. నువ్వెప్పుడూ వినని పాట ఒకటి తీసుకో, పాతదైనా సరే. రెండుసార్లు విను. చేత్తో రాసుకో. ఊపిరి తీసే చోట చిన్న గీత పెట్టు. టైము చూసుకుని అరగంటకు లేచి నిలబడి, అసలు పాట మళ్లీ వినకుండా పాడి రికార్డు చెయ్యి. మొదటి నెల ఏడుపొస్తుంది. రాకపోతే నువ్వు దొంగతనంగా ముందే వినేసి ఉంటావు.

మైకు దగ్గర ప, బ, భ వచ్చినప్పుడు కొంచెం పక్కకు తిరుగు, లేకపోతే టప్ మని కొడుతుంది. తారస్థాయికి వెళ్లేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరుగు. ఇదంతా స్టూడియోలో ఎవరూ చెప్పరు, చెప్పే తీరికుండదు వాళ్లకు. గణేశ్ పందిట్లో నేర్చుకోవచ్చు. బాలు గారు కూడా ఆర్కెస్ట్రా మనిషేరా! ఆయన కచేరీ పార్టీలో హార్మోనియం, గిటార్ వాయించినాయన తర్వాత ఇళయరాజా అయ్యారు. అందుకని మన పార్టీలో కోరస్ పాడమంటే మూతి ముడవకు. పెళ్లిలో భోజనాల చప్పుడు మధ్య శ్రుతి తప్పకుండా పాడినవాడు ఎక్కడైనా పాడగలడు.

కన్నడం నేర్చుకో. మీ రూములో రాయదుర్గం కుర్రాడు ఉన్నాడన్నావు కదా, వాడితో తెలుగు మానేసి కన్నడంలోనే మాట్లాడు. మనకు బెంగళూరు రెండొందల కిలోమీటర్లు, హైదరాబాద్ అంతకు చాలా ఎక్కువ. అందరూ హైదరాబాద్ రైలెక్కుతుంటే నువ్వు ఇటు చూడు. ట్రాక్ పాడేవాళ్లు, అంటే అసలు గాయకుడి కోసం ముందుగా నమూనా పాడిపెట్టేవాళ్లు, అక్కడా కావాలి. బాలు గారిని కన్నడిగులు ఎంత నెత్తిన పెట్టుకున్నారో తెలుసు కదా.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోకు. చల్లనీళ్లు, ఐస్‌క్రీమ్ తాను మానలేదని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. అది ఆయన గొంతు. నాకు ఒక్క జర్దా కిళ్లీ చాలింది, నలభై ఐదేళ్లకే పై స్థాయి పోయింది. రాత్రి రెండింటిదాకా ఆ ఫోన్ పట్టుకుని మేలుకోవడం కూడా జర్దాలాంటిదే.

డబ్బు సంగతి. ఆల్బమ్ చేస్తాం, ముందు ఇంత కట్టు అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపెయ్. పాడినవాడికి డబ్బిస్తారు, పాడినవాడి దగ్గర తీసుకోరు. మా పార్టీలో కుర్రాడొకడు తల్లి గాజులు అమ్మి కట్టాడు. ఆ సీడీలు ఇప్పటికీ వాళ్లింట్లో మంచం కింద పెట్టెలో ఉన్నాయి.

చదువు ఇంకో ఏడాదిన్నర. రోజూ ఒక గంట పాటకిస్తే చదువుకు వచ్చే నష్టమేమీ లేదు, ఆ రెండు బ్యాక్‌లాగులు పాట వల్ల రాలేదని నీకూ తెలుసు. డిగ్రీ చేతికొచ్చాక బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు స్టూడియోల చుట్టూ తిరుగు. అద్దె కట్టుకోగలవాడి గొంతులో వణుకుండదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

'పాడుతా తీయగా' వచ్చే రోజుల్లో, 1996 తర్వాత, మా పార్టీ మొత్తం మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లం. పిల్లలు పాడటం కంటే ఆయన చెప్పే మాటల కోసం. ఈ పాట రాసిందెవరు, బాణీ ఎవరిది, ఫలానా మాట ఎందుకలా పలకాలి అని చెప్పేవారు. మా తబలా ఆయన చెవి కోసుకునేవాడు. 2020 సెప్టెంబర్ 25న బాలు గారు పోయినప్పుడు కరోనా కదా, ఒకచోట చేరలేక మిగిలిన నలుగురం ఫోన్లో ఒకేసారి కలిశాం. ఎవరికీ మాట రాలేదు. చివరికి తబలా ఆయనే "ఒక పాట ఎత్తుకుందామా" అన్నాడు. ఏ పాట అన్నది అరగంటైనా తేలలేదు.

ఆదివారం పొద్దున్నే పాతూరికి రా. మీ అత్త ఉగ్గాని, బజ్జీ చేస్తానంది. వచ్చేటప్పుడు టవర్ క్లాక్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు కొనుక్కో. నేను ఒక ట్యూన్ కట్టి పెట్టాను, ఎవరూ పాడనిది. రెండుసార్లు వాయిస్తాను, నాలుగు లైన్లు చెబుతాను, తర్వాత కాఫీకి వెళతాను.

మీ మామ