పాటల చందా కట్టే ముందు

టి.నగర్, చెన్నై

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నెల్లూరు ఇల్లు ఖాళీ చేయించి మీ నాన్నను బెంగళూరుకు తీసుకువెళుతున్నావనీ, మల్లేశ్వరంలో ఆయన గదిలో మంచి స్పీకరు పెట్టించి ఏదో ఒక పాటల యాప్‌కు ఏడాది చందా కట్టబోతున్నావనీ మీ పిన్ని చెప్పింది. కంటి ఆపరేషను తరువాత పేపరు కూడా చదువుకోలేకపోతున్న మనిషికి చెవి ఒక్కటే ఆసరా అని కనిపెట్టిన కూతురు ఉండడం మా అన్నయ్య అదృష్టం. చాలా సంతోషించాను. అయితే అదే నోటితో ఆమె మరొక మాట కూడా చెప్పింది. యాప్ ఉన్నాక ఎందుకని, ఆయన క్యాసెట్ల ట్రంకు పెట్టెను పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తావట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే బాబాయ్" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఏడాదికి ఒక్కసారే కట్టవద్దు, ఒక నెల వాడి చూడు. ప్రతి నెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు పెట్టుకుంటే, 24 గంటల ముందు నీకు కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అటువంటి మెసేజీలను చదవకుండానే చెరిపివేసే అలవాటు నీకు ఉందని నాకు తెలుసు, దాన్ని మానుకో. ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే ఆరుగురి దాకా వాడుకోవచ్చు కానీ, యూట్యూబ్ మ్యూజిక్ వంటివి ఒకే ఇంట్లో ఉండేవారికే దానిని ఇస్తాయి. ప్రేమకొద్దీ చెన్నైలో ఉన్న నన్ను అందులో ఇరికించవద్దు.

ఏ యాప్ మంచిదని నన్ను అడిగితే నేను చెప్పను. మీ నాన్న నిజంగా వినే పాటలు పది కాగితం మీద రాసుకొని, వాటిని ఒక్కొక్క యాప్‌లో వెతికి చూడు. ఎక్కువ ఎక్కడ దొరికితే అదే మన యాప్. వెతకడంలో కూడా ఒక కిటుకు ఉంది. త్యాగరాజ స్వామి కీర్తనలోని "త"కు మనం ఇంగ్లీషులో టీ ఒక్కటే వేస్తాం, ఇక్కడి తమిళులు టీ పక్కన హెచ్ కూడా వేస్తారు. "ఎందరో మహానుభావులు" లోని "ద"కు కూడా కొందరు ఆ టీ, హెచ్‌లే వేస్తారు. ఒక రకంగా రాస్తే దొరకని కీర్తన మరొక రకంగా రాస్తే వెంటనే వస్తుంది, కనుక తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషులో రెండు రకాలుగానూ వెతకకుండా "లేదు" అని తీర్మానించవద్దు.

దొరికింది అసలైనదో కాదో కూడా చూడాలి. 1974లో కన్నుమూసిన ఘంటసాల గారి పేరు పైన పెట్టి, లోపల వేరెవరో కీబోర్డు మీద పాడిన పాటలు బోలెడు ఉంటాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. ఆ కాలపు పాట అయిదున్నర నిమిషాలు చూపిస్తుంటే ఒకసారి అనుమానించి విను. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. ఈ సంగతి మీ నాన్నను కదిపితే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఈ రోజు ఉన్న పాట రేపు ఉంటుందన్న భరోసా లేదన్నది కూడా గుర్తుంచుకో. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. కొద్ది నెలలకే, పాత హెచ్.ఎం.వి. పాటల హక్కులున్న సరేగమతో పేచీ వచ్చి ఆ పాటలన్నీ అందులోంచి పోయాయి, 2020లో ఒప్పందం కుదిరాక తిరిగి వచ్చాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ అన్నది 2020 చివర మూతపడింది. రెస్సో 2024 జనవరిలో, ఆ తరువాత అదే ఏడు వింక్ మూతపడ్డాయి. గానా 2022లో ఉచితంగా వినిపించడం మానివేసి చందాదారులకే పరిమితమైంది. ఫోనులోకి దించుకున్న పాటలు మనవే అనుకుంటాం కానీ, చందా ఆగిన నాడు అవి కూడా మూగబోతాయి. అద్దె ఇంట్లో మేకు కొట్టినట్టే తల్లీ, మేకు మనదే, గోడ మనది కాదు.

యాప్ పెట్టగానే ఆటోప్లే, షఫుల్ ఆపివేసి, ఒక పాట ముగియకుండానే తరువాతి పాటను కలిపివేసే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు తగ్గించు. వరుసగా వినవలసిన రాగం ఒక ట్రాకు, తానం ఒక ట్రాకు, పల్లవి ఒక ట్రాకుగా ముక్కలు చేసి పెట్టిన కచేరీని షఫుల్‌లో వింటే, ముందు పాయసం తిని తరువాత పప్పన్నం కలుపుకున్నట్టు ఉంటుంది. ఆటోప్లే చేసిన నిర్వాకం మరొకటి. మోహన రాగాలాపన ముగిసి నేను కళ్ళు తెరవక ముందే మా గదిలో క్లబ్బు డాన్సు పాట ఒకటి మోగింది, మీ పిన్ని వంటింట్లోంచి వచ్చి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. నాణ్యత విషయంలో మాత్రం అతిగా ఆశపడవద్దు. 320 కేబీపీఎస్ చాలు, అది గంటకు సుమారు 144 ఎంబీ డేటా తీసుకుంటుంది. అంతకన్నా పై రకానికి అదనంగా డబ్బు పోసినా, బ్లూటూత్ స్పీకరుకు చేరేసరికి అది మళ్ళీ కుదించబడుతుంది.

ఇక ఆ ట్రంకు పెట్టె. 2019 వేసవిలో నేను కూడా నీలాగే ఒక యాప్‌కు చందా కట్టి, ఇక దొరకని పాట ఉండదన్న ధీమాతో ఇంట్లోని 180 క్యాసెట్లను వీధిలో వెళ్ళే పాత సామాన్ల బండికి వేశాను. పన్నెండు కిలోలు తూగాయి. లోపలి టేపు పనికిరాదని అతడు ధర తగ్గించాడు, నేను బేరం కూడా ఆడలేదు. వాటిలో చాలా భాగం అన్నయ్యవి. ఉద్యోగం నెల్లూరుకు మారినప్పుడు, "నీ దగ్గరైతే భద్రంగా ఉంటాయిరా" అని నాకు ఒప్పజెప్పి వెళ్ళినవి.

వాటిలో ఒక సి-90, అంటే తొంభై నిమిషాల క్యాసెట్, ఉండేది. మేమిద్దరం ఇదే టి.నగర్‌లో ఒక పోర్షన్‌లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఉదయం రేడియోలో వచ్చిన కచేరీ అది. అప్పటికి మనకు రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసి ఉండే టూ-ఇన్-వన్ లేదు. రేడియో ముందు స్టూలు వేసి, దాని మీద అరువు తెచ్చిన రికార్డరు పెట్టి, దాని మైకుతోనే పట్టాం కనుక రేడియోతో పాటు ఇల్లు కూడా టేపులోకి ఎక్కింది. విద్వాంసుడు తానం అందుకున్నాడో లేదో, వంటింట్లో మీ నాయనమ్మ పెట్టిన కుక్కరు ఒక విజిల్ వేసింది. రెండవది వేసింది. మూడవ దానికి అన్నయ్య "ఉష్" అన్నాడు, కుక్కరును అన్నాడో అమ్మను అన్నాడో తెలియదు. స్టవ్ ఆపిన చప్పుడు కూడా వినబడుతుంది. ఆ పూట అన్నం పలుకుగా ఉంది, ఎవరమూ నోరెత్తకుండా తిన్నాం. ఆ తరువాత ఆ క్యాసెట్ వేసిన ప్రతిసారీ ముగ్గురం ఆ మూడు విజిళ్ళ కోసమే కాచుకొని కూర్చునేవాళ్ళం.

మీ నాయనమ్మ పోయిన చాలా ఏళ్ళకు, 2021లో మా ఇంటికి వచ్చినప్పుడు అన్నయ్య "ఆ ఆదివారం క్యాసెట్ వెయ్యరా" అన్నాడు. నేను నిజం చెప్పకుండా, తెలివిగా, అదే విద్వాంసుడు అదే రాగంలో పాడినది యాప్‌లో వెతికి పెట్టాను. ధ్వని ఎంతో శుభ్రంగా ఉంది. ఆయన కళ్ళు మూసుకొని కదలకుండా తానం అయ్యేదాకా విన్నాడు. తరువాత నన్ను చూసి, "విజిల్ ఏదిరా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కనుక ఆ పెట్టె జోలికి పోవద్దని బాబాయిగా కోప్పడుతున్నాను. అందులో కొన్నవి, కంపెనీ ముద్ర ఉన్నవి నీ ఇష్టం, ముప్పాతిక మువ్వీసం యాప్‌లో దొరుకుతాయి. చేతితో పేరు రాసినవి మాత్రం ఒక్కటి కూడా పారేయవద్దు. ఓలేటి వెంకటేశ్వర్లు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినవారు; అటువంటి విద్వాంసులు రేడియోలో పాడినది ఎంతో ఇళ్ళలోని ఇటువంటి టేపుల మీదే మిగిలింది. వెంటనే ప్లేయర్‌లో పెట్టి నొక్కవద్దు. టేపు మీద తెల్లగా బూజు ఉంటే అది ప్లేయర్‌లో టేపును చదివే హెడ్డుకు అంటుకొని మిగిలిన వాటిని కూడా పాడుచేస్తుంది. వదులైన టేపును పెన్సిలుతో తిప్పి బిగించడం నీకు చిన్నప్పుడు నేనే నేర్పాను. వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరగకుండా ఉంటే విరిచేయి, అప్పుడు పొరపాటున ఎవరూ దాని మీద రికార్డు చేయలేరు. పెట్టెను స్పీకరు పక్కన మాత్రం పెట్టవద్దు, అందులోని అయస్కాంతం టేపుకు శత్రువు. వచ్చే నెల నా టేపు డెక్కు తీసుకొని బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను, ఇద్దరం కూర్చొని ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కిద్దాం.

మరొక పని ఉంది. నెల్లూరు వెళ్ళేటప్పుడు ఆ ఆదివారం క్యాసెట్‌కు అన్నయ్య ఒక నకలు తీయించుకున్నాడేమో నాకు సరిగా గుర్తు లేదు. తీయించి ఉంటే ఆయనే మరచిపోయి ఉండవచ్చు. పెట్టె సర్దేటప్పుడు పెన్సిలుతో "ఆదివారం, బి వైపు" అని రాసినది ఏదైనా కనబడితే, నాన్నకు చెప్పకుండా ముందు నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి