కాయిన్లు కొనకుండా వెబ్3 నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"బ్లాక్‌చెయిన్ మీద నడిచే ఇంటర్నెట్ అంటున్నారు, అసలదేంటి? డబ్బు పెట్టకుండా నేర్చుకోవచ్చా? కోడింగ్ రావాలా?" అని అడిగారు. డబ్బు అక్కర్లేదు. మొదట్లో కోడింగూ అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఓ కాగితం, పెన్ను ఉంటే చాలు.

మామూలు వెబ్‌సైట్‌లో మీ ఖాతా ఆ కంపెనీ డేటాబేస్‌లో ఒక వరుస. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ పంపి తిరిగి ఇస్తారు, వాళ్లకి నచ్చకపోతే బ్లాక్ చేస్తారు. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో ఆ ఖాతా పుస్తకం వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. అందులో మీ ఖాతా నుంచి ఏది కదలాలన్నా మీ ప్రైవేట్ కీతో (మీ దగ్గర మాత్రమే ఉండే రహస్య సంఖ్య) పెట్టిన డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం సరైనదేనా, ఖాతాలో అంత ఉందా అని వాలిడేటర్లు, అంటే తనిఖీదారులు, చూసి 12 సెకన్లకొక బ్లాక్ (లావాదేవీల కట్ట) చొప్పున ఎక్కిస్తుంటారు. వాలిడేటర్ కావాలంటే 32 ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) డిపాజిట్ పెట్టాలి, దొంగాట ఆడితే అందులోంచి కోత పడుతుంది. వెబ్3 అన్న పేరు 2014లో గావిన్ వుడ్ పెట్టాడు, ఇథీరియం 2015 జూలైలో మొదలైంది. చరిత్ర ఇంతవరకు చాలు. నేర్చుకోవాల్సిందల్లా ఆ సంతకం చుట్టూనే ఉంది. దేని మీద పెడుతున్నారో చదవడం వస్తే సగం పని అయినట్టే.

ముందు బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ ఒకటి తెరిచి మెటామాస్క్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఇది వాలెట్, అంటే మీ కీలు దాచి సంతకాలు పెట్టే సాధనం. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కొద్దు, నకిలీ వాలెట్లు తిష్ట వేసేది అక్కడే. అడ్రస్ బార్‌లో మెటామాస్క్ డాట్ ఐఓ అని మీరే టైప్ చేయండి. గూగుల్ లాగిన్‌తో వాలెట్ తయారుచేసుకునే దారి కూడా చూపిస్తుంది గానీ, నేర్చుకోవడానికైతే 12 మాటల దారే పట్టండి.

ఆ 12 ఇంగ్లిష్ మాటలే సీడ్ ఫ్రేజ్. 2048 మాటల స్థిరమైన జాబితాలోంచి వస్తాయి, మీ కీలన్నీ వాటిలోంచే పుడతాయి. వరుస తప్పకుండా కాగితం మీద రాయండి. ఆ జాబితాలో ప్రతి మాటా మొదటి నాలుగు అక్షరాలతోనే వేరుగా తెలిసిపోతుంది కాబట్టి చేతిరాత చివర్లో కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు. ఫోన్‌లో ఫొటో తీయొద్దు, అది క్లౌడ్‌లోకి పోతుంది. మీకు మీరే వాట్సాప్ చేసుకోవడం కూడా వద్దు. వాలెట్ ఖాళీగా ఉన్న ఇప్పుడే ఎక్స్‌టెన్షన్ తీసేసి, ఆ కాగితం చూసి మళ్లీ తెరిచి చూడండి. అదే అడ్రస్ (సున్నా, ఎక్స్ తర్వాత 40 అక్షరాలు) వచ్చిందంటే కాగితం సరైనదే. చాలామంది ఈ పరీక్ష డబ్బు పడ్డాక, ల్యాప్‌టాప్ పోయాక చేస్తారు.

తర్వాత మెటామాస్క్ సెట్టింగుల్లో టెస్ట్ నెట్‌వర్కులు కనిపించేలా పెట్టి సెపోలియా ఎంచుకోండి. అన్నీ అసలు ఇథీరియంలాగే పనిచేస్తాయి, అక్కడి ఈథర్‌కి మాత్రం విలువ లేదు. దాన్ని ఎవరైనా రూపాయలకి అమ్ముతామంటే మోసం. ఉచితంగా ఇచ్చే సైట్లను ఫాసెట్ అంటారు. కొన్ని ఫాసెట్లు దుర్వినియోగం ఆపడానికి అసలు నెట్‌వర్క్‌లో కొంచెం బ్యాలెన్స్ ఉండాలంటాయి, వాటిని వదిలేయండి. గూగుల్ క్లౌడ్ ఫాసెట్ చూడండి, లేదంటే బ్రౌజర్‌లోనే కాసేపు మైనింగ్ (మీ కంప్యూటర్‌తో లెక్కలు) చేయించుకుని ఇచ్చేవి ఉన్నాయి. టెస్ట్ నెట్‌వర్కులు కొన్నేళ్లకోసారి మారుతుంటాయి. రాప్‌స్టెన్, గోర్లీ అలా మూతపడ్డవే. పాత వీడియోల్లో ఆ పేర్లు కనిపిస్తే ఆ వీడియో పక్కన పెట్టండి.

ఇప్పుడు వాలెట్‌లో రెండో ఖాతా తెరిచి, మొదటి దాంట్లోంచి 0.01 పంపండి. తర్వాత లావాదేవీలన్నీ చూపించే సెపోలియా ఈథర్‌స్కాన్ సైట్‌లో ఆ లావాదేవీ తెరిచి తీరిగ్గా చదవండి. ఎవరి నుంచి, ఎవరికి, ఎంత, ఏ బ్లాక్‌లో అన్నీ ఉంటాయి. కింద వివరాలు విప్పితే గ్యాస్ (కంప్యూటర్లు చేసిన పనికి కొలత) 21,000 అని కనిపిస్తుంది. మామూలు ఈథర్ బదిలీకి ఎప్పుడూ అంతే. మారేది గ్యాస్ ధర, దాన్ని గ్వేలలో లెక్కిస్తారు. ఒక ఈథర్‌కి 100 కోట్ల గ్వేలు. ధర 2 గ్వేలుంటే 42,000 గ్వేలు, అంటే 0.000042 ఈథర్ ఫీజు. 2021 ఆగస్టు నుంచి అందులో బేస్ ఫీ (నెట్‌వర్క్ నిర్ణయించే భాగం) కాలిపోతుంది, అంటే ఎవరికీ దక్కకుండా పోతుంది, టిప్ మాత్రమే వాలిడేటర్‌కి వెళ్తుంది. నాన్స్ (మీ ఖాతా లావాదేవీల వరుస సంఖ్య) అన్న చోట సున్నా ఉంటుంది, మీ ఖాతా పంపిన మొదటి లావాదేవీ కాబట్టి. ఈ అంకె గుర్తుంచుకోండి. ఫీజు తక్కువ పెట్టి ఒక లావాదేవీ ఇరుక్కుంటే తర్వాతి నాన్సులవన్నీ దాని వెనకే ఆగుతాయి. అదే నాన్స్‌తో, ఫీజు కనీసం 10 శాతం పెంచి మళ్లీ పంపితే పాతది రద్దవుతుంది. స్పీడప్, క్యాన్సిల్ బటన్లు చేసేది ఇదే. ఇంకోటి: లావాదేవీ ఎక్కాక విఫలమైనా వాడిన గ్యాస్ తిరిగి రాదు, ఎందుకంటే కంప్యూటర్లు పని చేసేశాయి.

అసలు ప్రమాదం ఉండేది బదిలీల్లో కాదు, అప్రూవల్స్‌లో. సర్కిల్ కంపెనీ ఫాసెట్‌లో టెస్ట్ యూఎస్‌డీసీ (డాలర్ విలువకు కట్టిన టోకెన్) ఇస్తారు, అది తీసుకుని టోకెన్లు మార్చుకునే యూనిస్వాప్ సైట్‌లో టెస్ట్‌నెట్ మోడ్ పెట్టి వేరే టోకెన్‌లోకి మార్చి చూడండి. ముందుగా అప్రూవ్ అడుగుతుంది. అంటే ఫలానా కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) మీ ఖాతాలోంచి ఇంత వరకు తీసుకోవచ్చని మీరిచ్చే అనుమతి. మొత్తం ఉండే చోట కొన్ని వాలెట్లు 'అన్‌లిమిటెడ్' అంటాయి, కొన్ని 1157920892తో మొదలయ్యే 78 అంకెల సంఖ్య చూపిస్తాయి. రెండూ ఒకటే, ఖాళీ చెక్కు మీద సంతకం. ఆ అంకె చెరిపి మీరు మార్చబోయే మొత్తమే రాయొచ్చు. ఇచ్చిన అనుమతులు రివోక్ డాట్ క్యాష్‌లో కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయొచ్చు. సైట్‌ని డిస్కనెక్ట్ చేస్తే అనుమతి పోదు, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

అంతకంటే కనిపించని ఉచ్చు ఒకటుంది. పర్మిట్ అనే సంతకానికి గ్యాస్ అడగదు, ఈథర్‌స్కాన్‌లో మీ పేరున ఏమీ పడదు. లాగిన్ కోసం అనుకుని నొక్కేస్తారు, ఆ సంతకం తీసుకెళ్లి మోసగాడు టోకెన్లు ఊడ్చేస్తాడు. పాపప్‌లో స్పెండర్, వాల్యూ, డెడ్‌లైన్ అన్న మాటలు కనిపిస్తే అది లాగిన్ కాదు.

ఇక "వికేంద్రీకృతం" అన్న మాట ఎంతవరకు నిజమో కూడా తెలుసుకోండి. కాంట్రాక్టు బ్లాక్‌చెయిన్ మీద ఉన్నా, మీరు చూసే వెబ్‌పేజీ చాలావరకు మామూలు సర్వర్‌లోదే. మెటామాస్క్ కూడా మామూలుగా ఇన్‌ఫ్యూరా అనే కంపెనీ నోడ్ల (చెయిన్ ప్రతిని ఉంచే కంప్యూటర్లు) ద్వారా మాట్లాడుతుంది. 2020 నవంబర్‌లో ఇన్‌ఫ్యూరా ఆగిపోతే, చెయిన్ నడుస్తున్నా చాలామంది వాలెట్లు పనిచేయలేదు. ఎన్ఎఫ్‌టీల (బొమ్మలాంటి వాటికి యాజమాన్య టోకెన్లు) బొమ్మలూ సాధారణంగా చెయిన్‌లో ఉండవు. ఐపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ నెట్‌వర్క్‌లో పెడతారు, అక్కడ అడ్రస్ ఫైల్‌లోని విషయం నుంచే పుడుతుంది కాబట్టి ఎవరూ గుట్టుగా మార్చలేరు. కానీ దాన్ని ఏదో ఒక నోడ్ పిన్ చేసి ఉంచాలి. ఎవరూ ఉంచకపోతే అడ్రస్ మిగులుతుంది, బొమ్మ ఉండదు.

ఎప్పుడో అసలు డబ్బు పెడితే: మన దేశంలో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్; అమ్మకంలో 1 శాతం టీడీఎస్. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తగ్గించుకోనివ్వరు, ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దనివ్వరు. పంపేటప్పుడు నెట్‌వర్క్ చూసుకోండి. యూఎస్‌డీటీ (ఇంకో డాలర్ టోకెన్) ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్‌లోనూ ఉంది, ఇథీరియంలోనూ ఉంది. ఎక్స్‌ఛేంజ్ తీసుకోని నెట్‌వర్క్ మీద పంపితే దాన్ని తిరిగి రాబట్టడం వాళ్ల దయ. అడ్రస్‌ని పాత లావాదేవీల జాబితాలోంచి కాపీ చేయొద్దు. మొదటి, చివరి అక్షరాలు కలిసేలా నకిలీ అడ్రస్ తయారుచేసి, దాంతో సున్నా విలువ లావాదేవీలు మీ జాబితాలోకి తోసేవాళ్లున్నారు. సాయం చేస్తామంటూ టెలిగ్రామ్‌లో సీడ్ ఫ్రేజ్ అడిగినవాడు ఎవడైనా దొంగే, మినహాయింపు లేదు.

కోడింగ్ మీద మనసుంటే రీమిక్స్ అనే బ్రౌజర్ ఎడిటర్ తెరవండి, ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు. సాలిడిటీ అనే కాంట్రాక్టుల భాషలో ఒక అంకె దాచి తిరిగి చూపించే పది వరుసల కాంట్రాక్టు రాసి సెపోలియాకి ఎక్కించండి. ఎక్కించాక ఆ కోడ్‌లో కామా కూడా దిద్దలేరు, కొత్త అడ్రస్‌లో ఇంకోటి పెట్టుకోవాల్సిందే. చదవడానికి గ్యాస్ పడదు, అంకె మార్చడానికి పడుతుంది. ఆ రెండు బటన్లనీ నొక్కి మెటామాస్క్ ఏ బటన్‌కి లేస్తుందో చూడండి.